మందు పూసల్లో మన బంకలు

నిదానంగా పనిచేసే గోళీల కిటుకు ఏమిటి? తపసి, గోరుచిక్కుడు బంకలకు అందులో చోటెంత? మింగేవారు, పండించేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

వరికి ఇవ్వాల్సిన యూరియా అంతా ఒకేసారి చల్లేస్తే ఏమవుతుందో రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులు పైరు నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఎరువు నీళ్లలో కొంత, గాలిలో కొంత పోయి పైరు మళ్లీ పాలిపోతుంది. పైగా తెగుళ్లు, పురుగు చేరతాయి. అందుకే నాట్లప్పుడు కొంత, పిలక దశలో కొంత, చిరుపొట్ట దశలో కొంత వేస్తాం. వేపపిండి పట్టించి చల్లడం పెద్దలు నేర్పిన పద్ధతి. 2015 నుంచి దేశంలో అమ్మే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేసిందీ ఇందుకే. ఎరువు నెమ్మదిగా కరగాలి, పైరుకు కావలసినప్పుడు కావలసినంత అందాలి.

మనిషి ఒంట్లోకి వెళ్లే మందు సంగతీ అంతే. గోళీ మింగగానే మందంతా ఒక్కసారే నెత్తురులో కలిస్తే కాసేపు అవసరానికి మించి ఉంటుంది. కళ్లు తిరగడం, కడుపులో మంట, వాంతి లాంటివి అప్పుడే వస్తాయి. నాలుగైదు గంటలు గడిచేసరికి మందు తగ్గిపోతుంది, నొప్పి మళ్లీ మొదలవుతుంది. అందుకని పూటపూటకీ గోళీ వేసుకోవాలి. పొలం పనిలో పడి మధ్యాహ్నం గోళీ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ ఇబ్బంది తప్పించడానికి వచ్చినవే నిదానంగా మందు వదిలే గోళీలు. రోజుకు ఒకటో రెండో వేసుకుంటే చాలు. ఈ మందుల తయారీలో మన అడవుల్లో దొరికే తపసి బంకకు, మన మెట్ట చేలలో పండే గోరుచిక్కుడుకు, చింతపిక్కకు కూడా పని ఉంది. ఆ కిటుకేమిటో, దానివల్ల మనకు లాభమెంతో, జాగ్రత్తపడాల్సింది ఎక్కడో ఈ వారం చూద్దాం.

పాత గోళీకి, కొత్త గోళీకి తేడా

నిదానపు మందు కొత్తగా వచ్చిందేమీ కాదు. 1952లో అమెరికాలో ఒక మందుల కంపెనీ గొట్టం బిళ్ల (క్యాప్సూల్) లోపల వందలాది సన్నటి పూసలు నింపి అమ్మకానికి పెట్టింది. పంచదార పలుకుల మీద మందు పట్టించి, పైన మైనం లాంటి పూత పూశారు. కొన్ని పూసలకు పూత పల్చగా, కొన్నింటికి మందంగా ఉండేది. పల్చటివి ముందు కరిగేవి, మందంగా ఉన్నవి తర్వాత కరిగేవి. అలా ఒక్క గొట్టంతోనే పది పన్నెండు గంటలు మందు అందేది.

ఆ తర్వాత అనేక పద్ధతులు వచ్చాయి. ఈనాడు షాపుల్లో దొరికే నిదానపు గోళీల్లో ఎక్కువ భాగం చెక్క గుజ్జు నుంచి, పత్తి గింజల మీది నూగు నుంచి తీసిన పీచు పదార్థాన్ని రసాయనికంగా మార్చి తయారుచేసిన జిగురుతో చేసినవే. గోళీ కడుపులోకి వెళ్లి తడవగానే ఆ జిగురు ఉబ్బి, చుట్టూ జావలాంటి పొర కడుతుంది. మందు ఆ పొరను దాటుకుని మెల్లగా బయటకు వస్తుంది.

సబ్జా గింజలు నీళ్లలో వేసి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పది నిమిషాల్లో ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు బుడగ కడుతుంది. ఆ బుడగ లోపల చిటికెడు మందు ఉందనుకోండి. అది బయటకు రావాలంటే ఆ జిగురంతా దాటాలి కదా. నిదానపు గోళీల మూలసూత్రం ఇదే.

మొక్కల నుంచి, నాచు నుంచి, ప్రాణుల పెంకుల నుంచి తీసిన జిగుళ్లను నేరుగా వాడి ఇలాంటి పూసలు చేయడం మీద మన దేశంలోని ఫార్మసీ కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో చాలాకాలంగా పని జరుగుతోంది. ఇవి తిన్నా హాని చేయవు, ఖర్చు తక్కువ, ఏటేటా మళ్లీ పండుతాయి, మట్టిలో కుళ్లిపోతాయి. అందుకే వీటి మీద అంత ఆసక్తి.

బూందీ దూసినట్టే

పూసల తయారీ చూస్తే మన ఇళ్లలో బూందీ దూయడమే గుర్తొస్తుంది. శనగపిండి జారుగా కలిపి, చిల్లుల గరిటె మీద పోస్తే చుక్కలు చుక్కలుగా నూనెలో పడతాయి. పడిన చుక్క పడినట్టే గుండ్రంగా గట్టిపడుతుంది. ఇక్కడ పిండికి బదులు సముద్రపు నాచు జిగురు, నూనెకు బదులు కాల్షియం కలిపిన నీళ్లు. పొయ్యితో పనిలేదు, అంతే తేడా.

నాచు జిగురును ఆల్జినేట్ అంటారు. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి దీన్ని తీస్తారు. స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1881లో మొదటిసారి వేరుచేశాడు. మన దేశంలో తమిళనాడు వైపు మన్నారు సింధుశాఖలో సర్గాసమ్, టర్బినేరియా అనే రకాల నాచును దీనికోసం సేకరిస్తారు.

ప్రయోగశాలలో చేసే పద్ధతి ఇలా ఉంటుంది. వంద మిల్లీలీటర్ల నీళ్లలో రెండు నుంచి నాలుగు గ్రాముల సోడియం ఆల్జినేట్ పొడి వేసి ఉండలు కట్టకుండా కలుపుతారు. అది గంజిలా చిక్కబడుతుంది. అందులో మందు పొడి కలుపుతారు. ఇంకో గిన్నెలో నీళ్లు పోసి కాల్షియం క్లోరైడు అనే ఉప్పు కొద్దిగా కరిగిస్తారు. మందు కలిపిన గంజిని సిరంజిలోకి తీసుకుని, సూదిలోంచి ఒక్కొక్క చుక్క ఆ నీళ్లలోకి జారవిడుస్తారు. చుక్క పడగానే పైపొర గట్టిపడి పూస అవుతుంది. పావుగంట, అరగంట అలాగే ఉంచితే లోపలిదాకా గట్టిపడుతుంది. వడగట్టి, కడిగి, ఎక్కువ వేడి తగలకుండా ఆరబెడతారు. తడిగా ఉన్నప్పుడు జొన్నగింజంత ఉండే పూస ఆరాక ఆవగింజంత అవుతుంది.

కాల్షియం చేసే పని ఏమిటి? ఆల్జినేట్ అంటే పొడుగాటి గొలుసులు. నీళ్లలో అవి విడివిడిగా తేలుతుంటాయి. కాల్షియం వచ్చి రెండు గొలుసుల మధ్య కూర్చుని రెండింటినీ పట్టి ఉంచుతుంది. గుడ్ల అట్టల్లో గుడ్లు కూర్చున్నట్టు కాల్షియం కూర్చుంటుంది కాబట్టి శాస్త్రవేత్తలు దీనికి గుడ్ల పెట్టె అమరిక అనే పేరే పెట్టారు. పందిరికి అడ్డకర్రలు కట్టినట్టు ఈ కట్లతో జిగురంతా వలలా బిగుసుకుంటుంది. మందు ఆ వలలో చిక్కుకుంటుంది.

కడుపులో ఏం జరుగుతుంది?

పూస మింగాక మొదట జీర్ణాశయంలోకి వెళుతుంది. అక్కడంతా గట్టి ఆమ్లం. ఆ పులుపులో ఆల్జినేట్ పూస ఉబ్బదు, ముడుచుకుంటుంది. మందు పెద్దగా బయటకు రాదు. రెండు మూడు గంటల తర్వాత పూస చిన్నపేగులోకి జారుతుంది. అక్కడ పులుపు ఉండదు. అక్కడి ద్రవాల్లోని సోడియం, ఫాస్ఫేటు లాంటివి పూసలోని కాల్షియాన్ని మెల్లగా బయటకు లాగేస్తాయి. కట్లు విప్పిన పందిరిలా పూస సడలి, ఉబ్బి, కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. మందు గంటల తరబడి విడుదలవుతుంది.

ఇందువల్ల రెండు లాభాలు. జీర్ణాశయాన్ని గాయపరిచే నొప్పి మందులను ఇలా దాటించవచ్చు. పులుపులో పాడైపోయే మందులను కాపాడవచ్చు.

ఇంకో మంచి గుణం ఉంది. ఒకే పెద్ద గోళీ అయితే అది విరిగితే మొత్తం మందు బయటపడుతుంది. వందల పూసలైతే నాలుగైదు చితికినా మిగతావి సరిగ్గానే పనిచేస్తాయి. విత్తనం అంతా ఒకేచోట పోయకుండా చేనంతా చల్లినట్టన్నమాట.

లోపాలు లేవని కాదు. నీళ్లలో తేలిగ్గా కరిగే మందు అయితే పూసలు చేస్తున్నప్పుడే కొంత కాల్షియం నీళ్లలోకి కారిపోతుంది. పేగులోకి వెళ్లాక ఒక్కోసారి అనుకున్నదానికన్నా ముందే పూస కరిగిపోతుంది. ఈ లోపాలు సరిదిద్దడానికే ఆల్జినేట్‌కు తోడుగా వేరే బంకలు కలుపుతారు. మన పంటలు, అడవి ఉత్పత్తులు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఏ బంక దేనికి?

గోరుచిక్కుడు బంక: దీన్నే గోకరకాయ, మటిక్కాయ అంటారు. కాయ కూరకు, గింజ బంకకు. గింజలో మూడో వంతు నుంచి 40 శాతం దాకా బంక ఉన్న పప్పు ఉంటుంది. ఈ బంక చన్నీళ్లలోనే చిక్కగా అవుతుంది. కాల్షియంతో గట్టిపడదు కాబట్టి ఒంటరిగా పూస కట్టదు. ఆల్జినేట్‌తో కలిపితే మాత్రం పూసలోని సందులు పూడ్చి మందు కారిపోకుండా ఆపుతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఈ బంకను తినేస్తాయి. కాబట్టి పెద్దపేగు వరకు మందును మోసుకెళ్లి అక్కడ వదలడానికి కూడా ఇది పనికొస్తుందని పరిశోధనల్లో తేలింది.

తపసి బంక: మార్కెట్లో కరాయ అంటారు. ఇది నీళ్లలో పూర్తిగా కరగదు, నీటిని పీల్చి అనేక రెట్లు ఉబ్బుతుంది. మలబద్ధకం మందుల్లో, కట్టుడు పళ్లు నిలబడేందుకు వాడే పొడిలో దీని వాడకం పాతదే. పూసల్లో కలిపితే ఉబ్బి, మందు విడుదలను నెమ్మదింపజేస్తుంది.

చింతపిక్క పిండి: చింతపండు తీశాక మిగిలే పిక్కల్లోని తెల్లటి పప్పు పిండి బట్టల మిల్లుల్లో గంజి పెట్టడానికి వాడతారని తెలిసిందే. అందులోని జిగురును శుద్ధి చేసి ఆల్జినేట్‌తో కలిపి నొప్పి మందుల పూసలు చేసిన పరిశోధనలు మన దేశంలోనే జరిగాయి.

రొయ్య పెంకు: కోస్తాలో రొయ్యల ఫ్యాక్టరీల నుంచి గుట్టలుగా వచ్చే పెంకుల నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తారు. ఇది ధన గుణం కలది, ఆల్జినేట్ రుణ గుణం కలది. రెండూ కలవగానే గట్టిగా అతుక్కుంటాయి. అందుకని ఆల్జినేట్ పూసకు దీన్ని పైపూతగా వేస్తారు.

ఇదే పద్ధతి సేద్యంలోకీ వచ్చింది. వేరుబుడిపె బ్యాక్టీరియా వంటి జీవన ఎరువులను ఆల్జినేట్ పూసల్లో బంధించి నేలలో వేస్తే అవి ఎండకు చావకుండా నెమ్మదిగా బయటకు వస్తాయి. టిష్యూకల్చర్ పిండాలను పూసలో పెట్టి కృత్రిమ విత్తనాలు చేయడమూ ఇలాగే.

మందుకు బంక కావాలంటే శుభ్రత కావాలి

ఇంత ఉపయోగం ఉన్నా ప్రకృతి బంకలను మందుల కంపెనీలు ధారాళంగా కొనడం లేదు. ఎందుకు? కారణం సూటిగా మన చేతుల్లోనే ఉంది.

ఫ్యాక్టరీలో చేసిన జిగురు ఈ నెల ఎలా ఉందో వచ్చే నెలా అలాగే ఉంటుంది. చెట్టు బంక అలా కాదు. ఎండాకాలం తీసిన బంక ఒకలా, వానల్లో తీసిన బంక ఒకలా ఉంటుంది. ఒక కొండది చిక్కగా, ఇంకో కొండది పల్చగా ఉంటుంది. బంక చిక్కదనం మారితే పూస కరిగే వేగం మారుతుంది. పన్నెండు గంటలు రావాల్సిన మందు ఆరు గంటల్లో వచ్చేస్తే రోగి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే కంపెనీలు భయపడతాయి.

రెండోది మురికి. బెరడు ముక్కలు, మట్టి, బూజు, సూక్ష్మజీవులు ఉన్న బంకను మందుకు వాడరు. దాన్ని శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చును ముందుగానే మనకిచ్చే ధరలోంచి కోసుకుంటారు. అంటే చెట్టు దగ్గర చూపే శ్రద్ధే రేపటి ధర.

తపసి బంక తీసేవారికి

పాడేరు, రంపచోడవరం ఏజెన్సీల్లో, భద్రాచలం అడవుల్లో, నల్లమలలో తపసి చెట్టు బంక అనేక గిరిజన కుటుంబాలకు చేతి ఖర్చుకు ఆధారం. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీన్ని కొనుగోలు చేస్తూ వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో వేరే సంస్థ ఏర్పడింది. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం పెట్టినప్పుడు తపసి బంకనూ చేర్చింది. సంతలో దళారి చెప్పిన ధరకు అమ్మేముందు ఆ ఏడాది ప్రకటించిన ధర ఎంతో సంస్థ డిపోలో అడిగి తెలుసుకోవాలి.

గొడ్డలితో లోతుగా నరికితే బంక ఎక్కువ కారుతుందని కొందరి నమ్మకం. మొదట ఎక్కువే కారుతుంది. తర్వాత గాయం మానక, పురుగు పట్టి చెట్టు చస్తుంది. ఒక ఏడాది బంక కోసం ఇరవై ఏళ్ల రాబడి పోగొట్టుకున్నట్టే. ఈ కింది జాగ్రత్తలు పాటించాలి.

1. లేత చెట్లకు గాటు పెట్టకూడదు. మొదలు చుట్టుకొలత మూడడుగులు దాటిన చెట్లనే ఎంచుకోవాలి.
2. పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మాత్రమే తీయాలి. లోపలి చెక్కకు దెబ్బ తగలకూడదు.
3. చెట్టు చుట్టూ గాట్లు పెడితే చెట్టు ఎండిపోతుంది. గాటుకీ గాటుకీ మధ్య బెరడు వదిలిపెట్టాలి. పాత గాయం మానేదాకా ఆ పక్కకు పోకూడదు.
4. ఎండాకాలంలో తీసిన బంక తెల్లగా, మేలురకంగా ఉంటుంది. జోరువానల్లో తీయడం ఆపేయాలి.
5. బంక నేలమీద పడనీయకూడదు. శుభ్రమైన గిన్నెలోకో, బుట్టలో పరిచిన శుభ్రమైన పట్టా మీదికో తీసుకోవాలి.
6. బెరడు ముక్కలు అదేరోజు ఏరేయాలి. ఎండాక అతుక్కుపోయి రావు.
7. తెల్లటి బంక వేరు, ఎర్రటిది వేరు, బెరడు ఉన్నది వేరు చేసి అమ్మాలి. అన్నీ కలిపేస్తే అన్నింటికీ తక్కువ రకం ధరే కడతారు.
8. కొండగోగు బంక, ఇతర చెట్ల బంకలు తపసి బంకలో కలపకూడదు. ఒక్క బస్తాలో కల్తీ దొరికితే ఊరు సరుకంతటికీ చెడ్డపేరు.
9. నిలవ ఉన్నకొద్దీ తపసి బంక చిక్కదనం తగ్గి, పుల్లటి వాసన పెరుగుతుంది. పొడి చేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. కాబట్టి గడ్డలుగానే, తేమ లేనిచోట ఉంచి, ఎక్కువ నెలలు నిలవ పెట్టకుండా అమ్ముకోవాలి.

గోరుచిక్కుడు గింజ కోసం వేసేవారికి

కూరగాయకు వేసే పూసా నవబహార్ వంటి రకాలు వేరు, గింజకు వేసే హెచ్.జి. 365, ఆర్.జి.సి. 936 వంటి రకాలు వేరు. కూర రకం వేసి గింజ దిగుబడి రాలేదంటే లాభం లేదు. వర్షాధారంగా తేలిక నేలల్లో పండుతుంది. నీరు నిలిచే నేల పనికిరాదు. జూన్, జూలైలో విత్తుకోవచ్చు. ఎకరాకు 6 నుంచి 8 కిలోల విత్తనం, సాలుకు సాలుకు మధ్య అడుగున్నర ఎడం చాలు. పప్పుజాతి పైరు కనుక రైజోబియం పట్టించి విత్తితే మంచిది. నత్రజని ఎరువు ఎక్కువ అవసరం లేదు. సుమారు 90 నుంచి 110 రోజుల్లో చేతికొస్తుంది. కాయలు ఎండే సమయంలో వాన తగిలితే గింజ నల్లబడుతుంది, ధర పడిపోతుంది. నల్లగింజను వేరుచేసి అమ్మాలి.

బంక తీయగా మిగిలిన చూరి, కోర్మా మాంసకృత్తులున్న పశుదాణా. వేయించిన కోర్మాను దాణాలో కొంత కలపవచ్చు. పచ్చి గింజను పశువులకు ఎక్కువగా పెట్టకూడదు.

ఇప్పుడు అసలు మాట. "మందుల కంపెనీలకు కావాలట, ఎంత పండించినా కొంటారట" అని ఎవరైనా ఊళ్లోకి వచ్చి విత్తనం అమ్మజూపితే తొందరపడొద్దు. గోరుచిక్కుడు బంకలో మందులకు పోయేది కొద్దిభాగమే. ఎక్కువగా పోయేది చమురు, గ్యాసు బావుల్లోకి, తిండి పదార్థాల తయారీలోకి. 2011-12లో జరిగింది గుర్తుంచుకోవాలి. అమెరికాలో రాతిపొరలు పగలగొట్టి చమురు, గ్యాసు తీసే పని ఒక్కసారిగా పెరిగి, బంకకు గిరాకీ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు రెండు మూడు వేల రూపాయలున్న క్వింటాలు గింజ 2012 మార్చి నాటికి 25 వేలు దాటింది. సట్టా వ్యాపారం మితిమీరిందని ఆ నెలలోనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ వాయిదా వ్యాపారాన్ని ఆపింది. ఆ ధర చూసి రాజస్థాన్, హర్యానాలే కాదు, మన మెట్ట ప్రాంతాల్లోనూ కొందరు వేశారు. పంట విపరీతంగా పెరిగింది. కొన్నవాళ్లు వేరే జిగుళ్లు వెతుక్కున్నారు. 2014 తర్వాత చమురు ధర కూడా పడిపోయింది. 2016 నాటికి గింజ ధర మళ్లీ మూడు నాలుగు వేల స్థాయికి దిగింది. ధర ఉన్నప్పుడు అమ్మినవాడు బాగుపడ్డాడు, ధర చూసి విత్తినవాడు చితికిపోయాడు.

గోరుచిక్కుడు గింజకు కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. ఈ సంగతి మరవకూడదు. వేసేముందు ఒక లెక్క వేసుకోండి. వర్షాధారంగా ఎకరాకు మూడు క్వింటాళ్లు వచ్చి, ధర 5 వేలు పలికిందనుకుంటే రాబడి 15 వేలు. దున్నకం, విత్తనం, కలుపు, కోత, నూర్పిడి, దూరపు మార్కెట్‌కు కిరాయి తీసేస్తే మిగిలేదెంత? అదే చేలో మీరు వేస్తున్న కందికో, ఆముదానికో మిగిలేదెంత? రెండూ పక్కపక్కన రాసుకుని చూడండి. కొనేవాడు ఎవరో, ఏ ధరకో, నల్లగింజకు ఎంత తరుగు తీస్తాడో కాగితం మీద రాయించుకోనిదే మొత్తం భూమిలో వేయొద్దు. మొదటి ఏడు అర ఎకరంతో సరిపెట్టుకోవడం మేలు. పచ్చిమేతగా, భూసారం పెంచే పైరుగా దాని విలువ ఎటూ పోదు.

గోళీ మింగేటప్పుడు

ఇది ఇంటిల్లిపాదీ చదవాల్సిన భాగం. రక్తపోటు, షుగరు, మూర్ఛ, కీళ్లనొప్పులకు వాడే మందుల్లో నిదానపు రకాలు చాలా ఉన్నాయి. అట్ట మీద మందు పేరు చివర ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్., ఎక్స్.ఎల్., రిటార్డ్ వంటి గుర్తులుంటే అది నిదానపు గోళీ అని తెలుసుకోవాలి. చదవడం రానివారు షాపులోనే అడిగి, అట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోవాలి.

* ఈ గోళీలను నమలకూడదు, నలగ్గొట్టకూడదు, నీళ్లలో కలపకూడదు. పెద్దవాళ్లకు గొంతు దిగడం లేదని రోట్లో నూరి తేనెలో ఇవ్వడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. నిదానపు గోళీని అలా నూరితే రోజంతటికీ సరిపడే మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. రక్తపోటు గోళీ అయితే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలిపోవచ్చు. గొంతు దిగకపోతే డాక్టరుకు చెబితే ద్రవ మందో, వేరే గోళీయో రాస్తారు.
* డబ్బు కలిసొస్తుందని పెద్ద గోళీ కొని సగానికి విరిచి వాడకూడదు. గోళీ మీద గీత ఉన్నా సరే, డాక్టరు చెబితేనే విరవాలి.
* పూసలున్న గొట్టం బిళ్లను విప్పి అన్నంలోనో, పెరుగులోనో చల్లుకోవచ్చా అన్నది మందును బట్టి ఉంటుంది. అడిగి తెలుసుకోవాలి. విప్పినా పూసలు నమలకూడదు.
* పొద్దున గోళీ మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.
* సారా, బ్రాందీ తాగితే కొన్ని నిదానపు గోళీలు ఒక్కసారిగా మందు వదిలేస్తాయి. ఈ మందులు వాడేవారు మద్యం ముట్టకూడదు.
* దొడ్డికి వెళ్లినప్పుడు గోళీ అలాగే పడిందని కొందరు కంగారుపడి మందు మానేస్తారు. కొన్ని షుగరు గోళీల్లో మందు అంతా ఒంటికి పట్టాక ఖాళీ డొప్ప మాత్రమే బయటకు వస్తుంది. కల్లం అయ్యాక మిగిలిన ఊకలాంటిది అది. మందు మానొద్దు, అనుమానముంటే డాక్టరును అడగండి.
* ఇసాఫ్‌గోల్, తపసి బంక పొడి లాంటివి వాడేటప్పుడు నిండు గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడతాయి. మిగతా మందులకు, వీటికి మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి.
* ఇంట్లో మిగిలిన నొప్పి గోళీలు పశువులకు వేయకూడదు. డైక్లోఫెనాక్ మందును పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువు చస్తే దాని మాంసం తిన్న రాబందులు కూడా చచ్చిపోతున్నాయని తేలింది. పశువైద్యుడు రాసిన మందే వాడాలి.

ఈ పూసలు ఇంట్లో చేసుకుందామని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. మందు ఎంత, పూత ఎంత, ఎన్ని గంటల్లో కరుగుతుంది అన్నది యంత్రాలతో కొలిచి, పరీక్షించి తేల్చాల్సిన పని అది.

మన పని వేరే ఉంది. తపసి చెట్టు చావకుండా చూసుకోవడం, బంకలో బెరడు లేకుండా ఏరడం, నల్లగింజను తెల్లగింజలో కలపకపోవడం, గిట్టుబాటు తేలనిదే విత్తకపోవడం, అట్ట మీది రెండక్షరాలు చూసి గోళీ మింగడం. తపసి చెట్లున్న ఊళ్లలో ఈసారి గాట్లు పెట్టే ముందు పదిమంది కలిసి అటవీ శాఖ వారిని, గిరిజన సంస్థ డిపో వారిని పిలిపించి గాటు పెట్టే పద్ధతి, రకాల వారీ ధరలు అడిగి తెలుసుకుంటే మంచిది. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, ఊరంతా అడిగితే వినక తప్పదు.